ఒక్కతీరు పనిని వందసార్లు చేతితోని కొట్టుడెందుకు?

డ్రాఫ్ట్స్‌మన్ అంటే బయటోళ్ల లెక్కల కంప్యూటర్ మీద గీతలు గీసెటోడు. గీసుడు నిజమే గాని, మా దినంల అది సగమే. తక్కిన సగం చేసిందే మళ్ల చేసుడు. రెండు వందల ప్లాట్ల లేఔట్ వచ్చిందనుకోండ్రి. ప్రతి ప్లాటుకు నంబరు వెయ్యాలె, విస్తీర్ణం తియ్యాలె, చదరపు మీటర్లను గజాలల్లకు మార్చాలె, ఆ అంకెను ప్లాటు నడుమ రాయాలె. ఒక్కోదానికి పది క్లిక్కులు వేసుకున్నా రెండు వేల క్లిక్కులు. పొద్దుమీకే వరకు మణికట్టు కాడికెల్లి భుజం దాక గుంజుతది.

దీనికి మందు ఆ సాఫ్ట్‌వేర్‌లనే ఉన్నది. ఆటోకాడ్ 1982ల వచ్చింది. దాని లోపట ప్రోగ్రాం రాసుకునే ఆటోలిస్ప్ 1986ల వచ్చింది. అంటే ఇయ్యాల ఆఫీసులల్ల కూసున్న పోరలు పుట్టకముందు నుంచే ఉన్నది. అయినా కోచింగ్ సెంటర్లల్ల లైన్, సర్కిల్, ట్రిమ్ నేర్పి సర్టిఫికెట్ చేతుల పెడ్తరు. ప్రోగ్రాం అనంగనే "అది సాఫ్ట్‌వేరోళ్ల పని" అని మనోళ్లు ఎన్కకు జరుగుతరు. నా మాట ఏందంటే, మొదటి మెట్టుకు ప్రోగ్రామింగ్ అక్కరనే లేదు.

ఆ మొదటి మెట్టు పేరు స్క్రిప్ట్. కిరాణా దుకాణానికి పిలగాన్ని పంపెటప్పుడు చీటి రాసిస్తం గదా, గంతే. కమాండ్ లైన్ల మీరు చేతితోని ఏం టైపు చేస్తరో అదే నోట్‌ప్యాడ్‌ల వరుసగ రాసి, ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఎస్‌సీఆర్ అని దాచాలె. తర్వాత స్క్రిప్ట్ అనే కమాండ్ కొట్టి ఆ ఫైలును చూపెట్టాలె. మిషను పైకెల్లి కిందికి చదువుకుంట పోతది.

ఒక ఉదాహరణ చెప్త. యాభై డ్రాయింగులు క్లయింటుకు పంపాలె. ప్రతిదాన్ని తెరిచి, అక్కరలేని లేయర్లు, బ్లాకులు ఊడ్చి, తప్పులు సరిచేసి, జూమ్ పూర్తిగ పెట్టి, సేవ్ చేసి మూసెయ్యాలె. స్క్రిప్ట్‌ల ఇది ఓపెన్, పర్జ్, ఆడిట్, జూమ్, క్యూసేవ్, క్లోజ్ అని ఆరు వరుసలు. యాభై ఫైళ్ల పేర్లు ఎక్సెల్‌ల ఒక నిలువు వరుసల పెట్టి, ముందట ఓపెన్, ఎన్క తక్కిన కమాండ్లు అతికిస్తే మొత్తం చీటి తయారైతది. అది నడుస్తుంటే మీరు పోయి చాయ్ తాగి రావచ్చు.

గాని చీటి చదివెటోనికి సొంత తెలివి ఉండదు. స్క్రిప్ట్‌ల ఖాళీ జాగ అంటే ఎంటర్ కొట్టినట్టే. వరుస చివర కండ్లకు కనపడని ఒక ఖాళీ ఎక్కువైనా లెక్క తప్పి మొత్తం ఆగిపోతది. ఫోల్డరు పేరుల ఖాళీ ఉంటే ఆ దారి మొత్తాన్ని కొటేషన్ గుర్తుల నడుమ పెట్టాలె. పర్జ్ లెక్క డబ్బా తెరిచే కమాండ్ల ముందట చిన్న అడ్డగీత పెట్టాలె, అప్పుడు డబ్బా రాకుంట ప్రశ్నలు కమాండ్ లైన్లనే వస్తయ్. ఇగ అన్నిటికన్న మోసం చేసేది ఆబ్జెక్ట్ స్నాప్. చేతితోని అంకెలు కొడితే మామూలుగ స్నాప్ అడ్డం రాదు గాని, స్క్రిప్ట్‌ల వస్తది. టోటల్ స్టేషన్ కాడికెల్లి వచ్చిన సర్వే పాయింట్లను స్క్రిప్ట్‌తోని గీస్తే, గీత పక్కపాయింటుకు పోయి అతుక్కుంటది. చూస్తే అంతా మంచిగనే కనపడ్తది, హద్దు మాత్రం జరిగి ఉంటది. అందుకే మొదటి వరుసల ఆస్‌మోడ్ సున్నా అని పెట్టాలె.

స్క్రిప్ట్‌కు అడుగుడు రాదు, లెక్క చేసుడు రాదు. ప్లాట్ల పనికి లిస్ప్ కావాలె. బ్రాకెట్లు చూసి భయపడొద్దు. అది చేసేది ఇదే: ప్లాటు హద్దు చూపెట్టమంటది, విస్తీర్ణం తీసుకుంటది, 1.196తోని గుణిస్తది, ప్లాటు నడుమ రాస్తది, నంబరుకు ఒకటి కలిపి పక్క ప్లాటు అడుగుతది. పది క్లిక్కుల పని ఒక్క క్లిక్కు అయితది. డ్రాయింగు అడుగులల్ల ఉంటే 1.196 పనికిరాదు, 9తోని భాగించాలె. ఇది చూడకుంట వేరేటోళ్ల లిస్ప్ నడిపిస్తే రెండు వందల ప్లాట్లు ఒకేసారి తప్పైతయ్. చేతితోని తప్పితే ఒక్క ప్లాటు తప్పుతది. గజం గజానికి పైసలు కట్టి కొనుక్కునే ఇంటోళ్లకు ఆ అంకెనే రిజిస్ట్రేషన్ కాయితం మీదికి ఎక్కుతది. అందుకే నాలుగైదు ప్లాట్లన్న చేతితోని లెక్కేసి చూసుకున్నంకనే డ్రాయింగు బయటికి పంపుత.

ఎవరో పెన్‌డ్రైవ్‌ల ఇచ్చిన లిస్ప్ ఫైలును లోపట ఏమున్నదో చూడకుంట ఎక్కించొద్దు. 2012ల మెడ్రే అనే ఆటోలిస్ప్ వైరస్ పెరూ దేశంల ఎక్కువగ పాకి, డ్రాయింగులను చైనాల ఉన్న ఈమెయిల్ ఖాతాలకు పంపింది.

ఇగ అసలు పంచాయితీకొస్త. మూడు దినాల పని ఒక పూటల అయితే, మిగిలిన టైము ఎవరిది? షీటుకు ఇంత అని తీసుకునేటోనికి లాభమే. నెల జీతపోనికి మాత్రం టేబుల్ మీదికి ఇంకో కట్ట వస్తది. ఒక ఆఫీసుల నా పక్కపోరడు లిస్ప్ రాసి పని జల్ది చేస్తే, తర్వాతి నెల ఇద్దరి పని అతనికే పెట్టిండ్రు, జీతం అంతే ఉంచిండ్రు. అప్పటికెల్లి చాలామంది రాసుకున్నది దాచుకుని, మెల్లగ చేసినట్టు నటిస్తుండ్రు. నేను వాళ్లను తప్పు పట్టను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే ఉద్యోగంల భాగంగ రాసినదానికి మొదటి హక్కుదారు యజమానే. అయితే నేర్చుకున్న విద్య మీద ఆయనకు హక్కు లేదు. ఆఫీసు మారినా మళ్ల కూసోని రాసుకోవచ్చు. జీతం మాట్లాడెటప్పుడు "నాకు లిస్ప్ వస్తది, గిన్ని షీట్లు గింత టైముల తీస్త" అని ముందుగాలనే చెప్పి, దానికి ధర కట్టమని అడగాలె.

కొత్తోళ్లకు ఎక్కడికెల్లి మొదలుపెట్టాల్నో చెప్త. రేపు పొద్దుగాల రోజూ చేసే పనిని మౌస్ తక్కువ వాడి, కమాండ్లు టైపు చేసి ఒక్కసారి చెయ్యిండ్రి. అయినంక ఎఫ్2 మీట నొక్కితే మీరు కొట్టిన ప్రతి అక్షరం ఒక కిటికీల కనపడ్తది. దాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌ల పెట్టి, ఆటోకాడ్ అడిగిన ప్రశ్నలు తీసేసి మీ జవాబులు ఉంచుండ్రి. మీ మొదటి స్క్రిప్ట్ అదే. అసలు డ్రాయింగు మీద కాదు, కాపీ మీద నడిపియ్యిండ్రి.