కంటిలో పడిన నలుసు

కరీంనగరము పొలములలో వరికోతలు, ఆదిలాబాదు చేలలో పత్తి యేరుట సాగు దినములలో మన యిండ్ల నొక మాట తఱచుగా వినవచ్చును: "కంట్లె నలుసు పడ్డది, రెండు చుక్కలు చనుబాలు పొయ్యి." ఆకుపసరు పిండువారును గలరు. ఇంత చిన్న యుపచారమువలన చూపే పోవచ్చునని సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

వడ్లగింజయో, ఆకుకొసయో నల్లగ్రుడ్డుపై గీచినప్పుడు దుమ్ములోని బూజు బీజము లా గీతలో జేరును. హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థవారు 1991 మొదలు 2000 వఱకు బూజు పుండ్లతో వచ్చిన 1,352 మందిని పరిశీలింపగా, సగముకంటె నెక్కువ మందికి ముందు కంటికి దెబ్బ తగిలినట్లు తేలెను. ఫ్యుజేరియము, ఆస్పర్జిల్లసు అను బూజులే యెక్కువగా గానవచ్చెను.

మన శరీర మూరకుండదు. రక్తములోని తెల్లకణములు పరుగున వచ్చి, ప్రాణవాయువునుండి పుట్టిన తీక్ష్ణద్రవ్యములను బూజుపై జిమ్మును. కన్నీటిలోని యొక పదార్థము బూజునకు గావలసిన యినుమును పట్టి యుంచును. కాని బూజును దక్కువది కాదు. ఆ తీక్ష్ణద్రవ్యములను విఱిచి నీరుగా మార్చు ఎంజైములను దానే తయారుచేసికొనును. ఇనుమును లాగుకొను ద్రవ్యమును వెలికి బంపును. శరీరపు వేడికి జెదరిన తన మాంసకృత్తులను చక్కదిద్దుకొనును. కఱవు నెఱిగిన యిల్లాలు గాదె నింపుకొన్నట్లే యది ముందుజాగ్రత్త గలది!

ఈ పోరులో తెల్లకణములే మనకు రక్ష. వైద్యుని నడుగక అంగడిలో గొని వేసెడు స్టెరాయిడు చుక్కలు ఎఱుపును, మంటను దగ్గించి, కన్ను బాగయినదను భ్రమ గొల్పును. నిజమునకవి మన కావలివాండ్ర చేతులు గట్టి, బూజునకు దారి విడుచును. చనుబాలు, పసరులు క్రొత్త క్రిములను జేర్చును.

కావున నలుసు పడిన కన్నును నులుమరాదు. శుభ్రమైన నీటితో గడుగవలెను. నొప్పి, ఎఱుపు తగ్గకున్నను, తెల్లమచ్చ కనబడినను ఆనాడే కంటివైద్యుని జూడవలెను. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిదై, నేడు నిర్మల్ జిల్లాలో జేరిన ముధోలులో పైసంస్థకు జెందిన కంటి ఆసుపత్రి గలదు. పుండును గీచి సూక్ష్మదర్శినిలో జూచిన బూజు తెలిసిపోవును. నాటమైసిను చుక్కలు దానికి దగిన మందు; వారముల తరబడి వేయవలసి యుండును. కొంచెము నయముగా దోచగనే మానినచో దాగిన బూజు మరల లేచును.

మన చేతిలోని చనుబాలగిన్నె బిడ్డకే యుండనిండు. కన్నును వైద్యునికి జూపుడు.