ముద్ర కింది నంబరు

ఢిల్లీ చాందినీ చౌక్‌లోని భగీరథ్ ప్యాలెస్‌లో దొరకని కరెంటు సామాను అరుదు. ఒకప్పటి బేగం సమ్రూ మహలు చుట్టూ పెరిగిన టోకు బజారు అది. వైర్లు, స్విచ్చులు, కరెంటు మితిమీరితే తెంచే ఎంసీబీలు అక్కడి నుంచి ఎన్నో ఊళ్లకు వెళ్తాయి. కొనేవాడు ముందుగా వెతికేది ఐఎస్ఐ ముద్ర. నకిలీ చేసేవాడు ముందుగా అచ్చు వేసేదీ అదే.

విద్యుత్ పరికరాలను పరీక్షించి ముద్ర వేయడం వెనక అగ్నిభయం ఉంది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వేల దీపాలు అమర్చినప్పుడు, నిప్పు అంటుకుంటే పరిహారం కట్టాల్సిన బీమా కంపెనీలు కలవరపడ్డాయి. అవి విలియం హెన్రీ మెరిల్ అనే యువ ఇంజనీరును తనిఖీకి పంపాయి. మరుసటి ఏడాది ఆయన మొదలుపెట్టిన ప్రయోగశాలే నేటి అమెరికా యూఎల్ ముద్రకు మూలం.

మన ముద్రకు పునాది స్వాతంత్ర్యానికి ముందే పడింది. 1947 జనవరి 6న ఢిల్లీలో భారతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఐ) ఏర్పడింది. డాక్టర్ లాల్ చంద్ వర్మన్ దానికి తొలి డైరెక్టరు. ముద్రకు 1952లో చట్టబలం వచ్చింది. 1987 ఏప్రిల్ 1న సంస్థ పేరు భారతీయ ప్రమాణాల బ్యూరో (బీఐఎస్)గా మారినా, జనం నమ్మిన పాత ముద్రను మార్చలేదు. అది సరైన నిర్ణయమే. వైర్లు, స్విచ్చులు, రక్షణ పరికరాల వంటివాటికి ముద్రను తప్పనిసరి చేస్తూ 2003లో ఉత్తర్వు వచ్చింది.

బీఐఎస్ కేంద్ర ప్రయోగశాల ఢిల్లీ పక్కనే, గాజియాబాద్ జిల్లా సాహిబాబాద్‌లో ఉంది. ఎంసీబీల ప్రమాణం ఎంత కఠినమైనదో చూడండి. లోపల కరెంటు భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్‌కు 960 డిగ్రీల దాకా ఎర్రగా కాల్చిన తీగను 30 సెకన్లు ఆనిస్తారు. మంట లేస్తే, తీగ తీసిన 30 సెకన్లలో ఆరిపోవాలి. కింద పరిచిన పలుచని కాగితం అంటుకోకూడదు. ఇక 16 ఆంపియర్ల ఎంసీబీ సుమారు 18 ఆంపియర్లను గంటసేపు మోయాలి. 23 దాటితే గంటలోపు ట్రిప్పవ్వాలి. దాని మీద చిన్న గడిలో 10000 అని రాసి ఉంటే, షార్ట్ సర్క్యూట్‌లో అన్ని ఆంపియర్ల దాకా తెంచగలదని అర్థం. వైరుకు నిరోధం కొలుస్తారు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు 12.1 ఓములు మించకూడదు. రాగి తగ్గించి మోసం చేస్తే ఈ కొలతలో బయటపడుతుంది.

ముద్ర బొమ్మను ఎవరైనా అచ్చు వేయగలరు. అందుకే నా దృష్టిలో అసలు విలువ బొమ్మది కాదు, దాని కింద ఉండే సీఎం/ఎల్ నంబరుది. బొమ్మ పైన ఉన్నది ప్రమాణం నంబరు, కిందిది ఆ ఫ్యాక్టరీ లైసెన్సు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు ఎవరో, లైసెన్సు బతికి ఉందో లేదో తెలుస్తుంది. నంబరు లేని ముద్రను నమ్మకండి.

నిజమైన ముద్రకూ హద్దులున్నాయి. ఎంసీబీ ట్రిప్పయ్యే లెక్క 30 డిగ్రీల దగ్గర కట్టింది. మే నెలలో ఢిల్లీ 45 డిగ్రీలు దాటితే, ఎండకు కాగే రేకు పెట్టెలో అది ముందే పడిపోతుంది. విసుగొచ్చి 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెట్టిస్తారు. అప్పుడు ఎంసీబీకీ, వైరుకూ ముద్ర ఉన్నా, ఎంసీబీ పడేలోపే వైరు కాలవచ్చు.

1997 జూన్ 13న దక్షిణ ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. నిప్పు మొదలైంది కింద పార్కింగ్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. ఆ ఉదయమే దాన్ని మరమ్మతు చేశారు, కానీ కేబుల్ కనెక్షన్ సరిగా బిగుసుకోలేదు. ఏ ముద్రా ఆ బిగింపుకు హామీ ఇవ్వదు. నోయిడా, ఫరీదాబాద్ ఫ్యాక్టరీ యజమానులను నేను కోరేది ఇదే: ముద్రలు చూసి కొన్నాక, ఏటా ఒకసారైనా లోడు మీద ఉన్న ప్యానెళ్లను థర్మల్ కెమెరాతో చూపించండి. వదులైన కనెక్షన్ మిగతావాటికంటే వేడిగా, విడిగా కనబడుతుంది. ఫ్యాక్టరీ ఆపి బిగించడానికి ఆ కబురు చాలు.