ఓటు లేనివారి విజ్ఞాపన

ప్రజాస్వామ్యంలో పౌరుని చేతిలోని ప్రధానమైన ఆయుధం ఓటు. ఆ ఆయుధం లేనివారు అన్యాయాన్ని ఎదిరించడం ఎలా? పంతొమ్మిదో శతాబ్ది పూర్వార్ధంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని సామాన్య స్త్రీలు ఈ ప్రశ్నకు తమ సంతకాలతో సమాధానం చెప్పారు.

మానవులందరూ సమానులేనని 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చాటింది. కాని ఆచరణ ఆ ఆదర్శానికి ఎంతో దూరంలో నిలిచింది. 1830 నాటికి ఆ దేశంలో సుమారు 20 లక్షలమంది ఆఫ్రికన్ సంతతివారు బానిసలుగా బతుకుతున్నారు. అనేక రాష్ట్రాలు ఆస్తి నియమాన్ని సడలించి తెల్లజాతి పురుషులకు ఓటుహక్కును విస్తరింపజేసినా, స్త్రీలను మాత్రం విస్మరించాయి. వివాహితకు తన సంపాదనపై సైతం సాధారణంగా అధికారం ఉండేది కాదు.

ఆ కాలంలో వెల్లివిరిసిన మత చైతన్యం సంఘాన్ని సంస్కరించాలనే తపనను కలిగించింది. మద్యపాన నిషేధం, ప్రజా విద్య వంటి ఉద్యమాలు తలెత్తాయి. చెరసాలలలో మగ్గుతున్న మానసిక రోగుల దుస్థితిని వివరిస్తూ డొరోథియా డిక్స్ 1843లో మసాచుసెట్స్ శాసనసభకు విజ్ఞాపన సమర్పించింది. వీటన్నిటిలో తీవ్రమైనది బానిసత్వ నిర్మూలనోద్యమం. 1831లో విలియం లాయిడ్ గారిసన్ బోస్టన్ నగరంలో 'లిబరేటర్' పత్రికను స్థాపించాడు. 1833లో ఫిలడెల్ఫియాలో అమెరికా బానిసత్వ వ్యతిరేక సంఘం ఏర్పడింది.

ప్రభుత్వానికి మొర పెట్టుకొనే హక్కును రాజ్యాంగపు మొదటి సవరణ ప్రజలకు ప్రసాదించింది. స్త్రీలు దానినే ఆధారం చేసుకొన్నారు. ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించారు. దేశ రాజధాని ప్రాంతంపై కాంగ్రెసుకు ప్రత్యక్షాధికారం ఉంది. కనుక కనీసం అక్కడైనా బానిసత్వాన్ని రద్దు చేయాలని కోరారు. ఈ పత్రాల వెల్లువకు బానిస యజమానుల పక్షం కలవరపడింది. 1836 మే నెలలో ప్రతినిధుల సభ ఒక తీర్మానం చేసింది. బానిసత్వానికి సంబంధించిన విజ్ఞాపనలను ముద్రించకుండా, చర్చించకుండా పక్కన పెట్టాలన్నది దాని సారాంశం. చరిత్రకారులు దానిని 'నోరునొక్కే నిబంధన'గా పేర్కొంటారు.

అయితే ఆ నిర్బంధం ఉద్యమానికి కొత్త బలాన్నిచ్చింది. అంతవరకు బానిసలకు సంబంధించినదిగా తోచిన సమస్య, ఇప్పుడు ప్రతి పౌరుని వాక్స్వాతంత్ర్య సమస్యగా మారింది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ అప్పుడు ఆ సభలో సభ్యుడు. నిబంధన రాజ్యాంగ విరుద్ధమని వాదిస్తూ ఆయన సంవత్సరాల తరబడి పోరాడాడు. ఆయనను అభిశంసించడానికి 1837లోను, 1842లోను జరిగిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరకు 1844 డిసెంబరు 3న సభ ఆ నిబంధనను రద్దు చేసింది.

ఇతరుల విముక్తికై గళమెత్తిన స్త్రీలకు తమ సంకెళ్లు కూడా కనిపించాయి. బానిసలను కలిగిన కుటుంబంలో జన్మించిన ఏంజెలీనా గ్రిమ్‌కే 1838లో మసాచుసెట్స్ శాసనసభా సంఘం ఎదుట నిలిచి బానిసత్వాన్ని ఖండించింది. స్త్రీలు బహిరంగ సభలలో ప్రసంగించడమే తప్పని మతాధికారులు నిందించిన రోజులవి. 1840లో లండన్‌లో జరిగిన ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ స్త్రీలను ప్రతినిధులుగా అంగీకరించలేదు. అక్కడ పరిచయమైన లుక్రీషియా మాట్, ఎలిజబెత్ కేడీ స్టాంటన్ మరికొందరితో కలిసి 1848 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో స్త్రీల హక్కుల సభను ఏర్పాటు చేశారు. స్త్రీలకు ఓటు కావాలన్న తీర్మానానికి ఆ సభలోనే కొందరు సందేహించారు. బానిసత్వం నుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ దానిని గట్టిగా సమర్థించాడు. తీర్మానం నెగ్గింది. సభ ప్రకటనపై 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకాలు చేశారు.

అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే, 13వ సవరణ ద్వారా బానిసత్వం రద్దయింది. లింగభేదం కారణంగా ఓటును నిరాకరించరాదని 19వ సవరణ 1920లో శాసించింది. సెనెకా ఫాల్స్ సభ జరిగి అప్పటికి 72 ఏళ్లు. చదవకుండా పక్కన పెట్టిన కాగితాలే ఒక జాతి చేత తన ఆదర్శాన్ని మళ్లీ చదివించాయి.