కంప్యూటరులో పంచాయతీ లెక్కలకు తగిన చోటు

అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినపుడు, అంతవరకు విశాఖపట్నము జిల్లాలో నుండిన రోలుగుంట మండలము దానిలో చేరినది. జిల్లా మారినను ఇంటి పన్ను బకాయి మారదు. పంచాయతీ తీర్మానములు మారవు. ఉద్యోగులకంటె, యంత్రములకంటె లెక్కలే ఎక్కువ కాలము నిలువవలసినవి. అవి నేడు కంప్యూటరులోనికి వచ్చినవి గనుక, అందులో వాటి చోటు ఏదియో సభ్యులు తెలిసికొనుట అవసరము.

కంప్యూటరులో పనిచేయు ప్రోగ్రాము వేరు, దానితో మనము వ్రాసికొన్న సమాచారము వేరు. ప్రోగ్రాము పాడైనచో మరల తెచ్చుకొనవచ్చును. మన ఊరి పన్నుల పట్టిక మరియొక చోట దొరకదు. వడ్లు మర పట్టించు రైతు తన విత్తనములను మిల్లులో దాచుకొనడు గదా! ప్రోగ్రామున్న ఫోల్డరులోనే లెక్కలుంచినచో, దానిని తొలగించి క్రొత్తది పెట్టునాడు లెక్కలు కూడ పోవు ప్రమాదము కలదు.

ఇట్టి విషయములలో క్రమము కొరకు లినక్స్ కంప్యూటరులకు 1994లో ఒక నియమావళి వెలువడినది. ప్రోగ్రాములు ‘యుఎస్‌ఆర్’లోను, అమరికలు ‘ఇటిసి’లోను, దినదినము మారు సమాచారము ‘వార్’లోను, ఒక్కొక్కరి సొంత కాగితములు ‘హోమ్’లోను ఉండును. ‘టిఎంపి’ తాత్కాలికము, అందుంచినది చెరిగిపోవచ్చును. విండోసులో ప్రోగ్రాములకు ‘ప్రోగ్రామ్ ఫైల్స్’, వాటి ఉమ్మడి సమాచారమునకు ‘ప్రోగ్రామ్ డేటా’ కలవు.

కరణముల పదవులు 1984లో రద్దయినవి. అంతకు పూర్వము గ్రామ లెక్కలు తరచు కరణము ఇంటి పెట్టెలో నుండెడివి. ఒక ఉద్యోగి సొంత ఫోల్డరులో పంచాయతీ లెక్కలుంచుట ఆ పెట్టెను మరల తెచ్చుటయే. ఆయన బదిలీ అయిన పిమ్మట వెదకినను అవి దొరకకపోవచ్చును.

2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లో చేర్చిన లెక్కలు దూరమున నున్న సర్వరులో భద్రపడును. కాని కార్యాలయములో తయారైన ఉత్తరములు, పట్టికలు, ఫొటోలు సాధారణముగా అక్కడి యంత్రములోనే మిగులును. వాటి బాధ్యత మనదే.

కావున సభ్యులు తమ కార్యదర్శిగారిని మూడు ప్రశ్నలు అడుగవలెను. మన లెక్కలు ఏ ఫోల్డరులో కలవు? ప్రోగ్రామును తొలగించినను అవి నిలుచునా? వాటి నకలు వేరొక చోట కలదా? లెక్కలన్నియు ఒకే చోట, ప్రోగ్రామునకు వేరుగా నున్నచో నకలు తీయుట సులభము. తీసిన నకలును తెరచి సరిచూచి, బీరువాలో భద్రపరచవలెను. ఆ చోటు వివరములను పంచాయతీ పుస్తకమున వ్రాయించినచో, రేపు వచ్చు సభ్యులకును గ్రామపు లెక్క చేతికందును.