సెవెరీని: కొత్త రూపం, ముఖం లేని మనుషులు

రూపం కొత్తదైతే చాలు, అది అభ్యుదయమేనని నమ్మే రచయితలు మనలో తక్కువేం లేరు. ఆ నమ్మకాన్ని పరీక్షించుకోడానికి ఇటాలియన్ చిత్రకారుడు జీనో సెవెరీని కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఆయన 1883లో కొర్తోనాలో పుట్టాడు. తండ్రి కోర్టులో చిరుద్యోగి, తల్లి బట్టలు కుట్టేది. రోమ్‌లో బొచ్చోనీ స్నేహం, బల్లా శిక్షణ దొరికాయి. 1906లో పారిస్ చేరాడు. 1966లో అక్కడే మరణించాడు.

మరినెట్టి ఫ్యూచరిస్టు ప్రణాళిక 1909లో అచ్చయి సంచలనం రేపింది కూడా పారిస్ పత్రికలోనే. యంత్రాన్నీ వేగాన్నీ కీర్తించిన ఆ ప్రణాళిక యుద్ధాన్ని కూడా కీర్తించింది. (మయకోవ్‌స్కీ ద్వారా ఫ్యూచరిజం పేరు విన్న మనవాళ్ళు ఈ సంగతి మరచిపోతుంటారు.) 1910 నాటి ఫ్యూచరిస్టు చిత్రకారుల ప్రణాళిక మీద సెవెరీని సంతకం ఉంది. మరుసటి ఏడు మిత్రులు పారిస్ వస్తే వారికి క్యూబిస్టుల చిత్రశాలలు తిప్పి చూపించినవాడూ ఆయనే.

మిత్రులు రైళ్ళనూ జనసమూహాలనూ చిత్రిస్తుంటే, సెవెరీని నృత్యశాలలను ఎన్నుకున్నాడు. 'మొనికోలో పాన్-పాన్ నాట్యం' నాలుగు మీటర్ల వెడల్పు చిత్రం. 1912 నాటి 'బాల్ తబరీన్'లో నర్తకి దుస్తుల మీద నిజమైన తళుకుబిళ్ళలే అతికించాడు. చప్పుడు, వెలుగు, జ్ఞాపకం, కదలిక అన్నీ ఒకే తలం మీదికి వచ్చాయి. ఇది నిజమైన ఆవిష్కరణే, సందేహం లేదు. ఆ వెలుగుల వెనక చాకిరీ చేసేవాళ్ళు మాత్రం అందులో కనిపించరు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఆయన రంగానికి వెళ్ళలేదు. పారిస్‌లో ఆయన ఉన్నచోటి నుంచి చూస్తే దాఁఫేర్-రోషెరో స్టేషన్. సైనికులనూ ఆయుధాలనూ మోసుకుపోయే రైళ్ళు. 1915లో 'సాయుధ రైలు' గీశాడు. ఐదుగురు సైనికులు ఒకే వరసలో వంగి, ఒకే దిక్కుకు తుపాకులు గురిపెట్టారు. ఒక్కరికీ ముఖం లేదు. శత్రువు లేడు, గాయం లేదు, శవం లేదు. నృత్యశాలలో దేహానికి స్వేచ్ఛనిచ్చిన ఆ ముక్కలు చేసే పద్ధతే ఇక్కడ మనిషిని ఫిరంగిలో ఒక మరగా బిగించింది. ఇది యుద్ధవిమర్శ కాదా అని అడగవచ్చు. నేనొప్పుకోను. ఆ రంగులు మరీ శుభ్రంగా, పండుగలా ఉన్నాయి. 1916 జనవరిలో ఆయన ఈ చిత్రాలను ప్రదర్శించింది కూడా యుద్ధకళ పేరుతోనే. ఆ ఏడే బొచ్చోనీ సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి చనిపోయాడు.

ఆ ఏడే 'మాతృత్వం' కూడా వచ్చింది: బిడ్డకు పాలిస్తున్న భార్య జాన్. పాత ఇటాలియన్ గురువుల పద్ధతి. దీన్ని వెనకడుగు అన్నవాళ్ళు పద్ధతినే చూశారు. నాకు మాత్రం మనిషి ముఖం తిరిగి రావడం కనిపిస్తుంది. అటుపై ఆయన రేఖాగణితం వైపు, స్విట్జర్లాండ్ చర్చి గోడల వైపు మళ్ళాడు.

'పాన్-పాన్' మూలచిత్రం దక్కలేదు. 1959-60లో, డెబ్భయ్యారేళ్ళ వయసులో, సెవెరీని దాన్ని మళ్ళీ గీశాడు. ఆయన తిరిగి గీయాలనుకున్నది నృత్యశాలను.