ఊరి మంచినీటి బావి – 250 మీటర్ల మేర

తిరుపతి, చిత్తూరు జిల్లాలలో స్వర్ణముఖి, నీవా నదుల యిసుక మేటలను విడిచినచో, పెక్కు గ్రామముల క్రింద నున్నది కఠినశిలయే. అందు నీరు ఱాతి పగుళ్లలో మాత్రమే చేరి యుండును. ఒకే పగులు ఊరిబావికిని, ప్రక్క పొలమునకును నీ రిచ్చుచుండవచ్చును. ఆ పొలమున లోతైన బోరు వేసి రాత్రింబవళ్లు తోడినచో ఊరిబావి యెండిపోవును. కారణము కంటికి గానరాదు.

అందుచేతనే 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ప్రజల మంచినీటి బావికి 250 మీటర్లలోపల అనుమతి లేక క్రొత్త బావి త్రవ్వుటను నిషేధించినది. త్రాగునీటి చేతిపంపునకు ఈ నిషేధము లేదు.

పైరు వాడుచుండగా ఈ దూరము పాటించుట రైతునకు కష్టమే. అయినను ఒక కారు పోయినచో మరియొక కారు వచ్చును. త్రాగునీరు ఒక్కదినమైనను ఆగరాదు.

పగుళ్లు నీటితోపాటు మాలిన్యమును గూడ కొనివచ్చును. కావున బావికి ఎగువన పేడదిబ్బ లుంచరాదు, పురుగుమందులు కలుపరాదు.

సభ్యులు బోరు వేయుటకు ముందే దూరము కొలిపించి, అధికారుల అనుమతి పొంది, పిమ్మట పనికి పూనుకొందురుగాక.