బలహీనత పాపం కాదు, సాకూ కాదు

కాఫీ మా వీక్‌నెస్ అని నవ్వుతూ చెప్పుకుంటాం. కోపాన్నీ, అబద్ధాన్నీ, తాగుడునూ కూడా అదే మాటతో దాటవేస్తాం. మరోపక్క, సంఘంలో ఎవరికైనా నెలల తరబడి జబ్బు తగ్గకపోతే విశ్వాసం చాలలేదేమోనని గుసగుసలాడతాం. బలహీనత అంటే ఏమిటో సరిగా గ్రహించకపోవడం వల్లే ఈ రెండు పొరపాట్లూ చేస్తున్నాం.

1611లో వెలువడిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో ‘ఇన్‌ఫర్మిటీ’ అనే మాట తరచూ కనిపిస్తుంది. లాటిన్‌లో ‘ఫర్మస్’ అంటే గట్టిది, స్థిరమైనది. ముందు ‘ఇన్’ చేరితే గట్టిగా నిలవలేనిది అని అర్థం. రోగులను ఉంచి చూసుకునే చోటును ఇంగ్లీషులో ‘ఇన్‌ఫర్మరీ’ అనడం కూడా ఈ మూలం నుంచి వచ్చిందే. కొత్త నిబంధన గ్రీకులో ఇందుకు ఎక్కువగా వాడిన మాట ‘అస్తెనేయ’, అంటే బలం లేకపోవడం. మన తెలుగు బైబిలు దీన్ని ఒకచోట బలహీనత అని (2 కొరింథీ 12:9), మరోచోట శరీర దౌర్బల్యమని (గలతీ 4:13) చెప్పింది.

ఈ మాటకు నేరమనే అర్థం లేదు. హెబ్రీ పత్రిక 4:15 ఈ తేడాను స్పష్టం చేస్తుంది. మన ప్రధానయాజకుడైన యేసు మన బలహీనతల్లో మనతో సహానుభవం గలవాడు, అయినా పాపం లేనివాడు. బలహీనతే పాపమైతే ఈ రెండు మాటలూ ఒకేచోట నిలవవు.

తిమోతికి తరచూ అనారోగ్యం కలిగేది. పౌలు అతని విశ్వాసాన్ని తప్పుపట్టలేదు, కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మన్నాడు (1 తిమోతి 5:23). తన శరీరంలోని ముల్లు తొలగించమని పౌలే మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. దాన్ని భరించడానికి చాలినంత కృప దొరికింది. తన బలహీనతను దాచుకోకుండా దానిలోనే అతిశయించాడు.

కాబట్టి పాపాన్ని బలహీనత అని పిలిచి సమర్థించుకోవద్దు. దాన్ని ఒప్పుకొని విడిచిపెట్టాలి. బలహీనతను పాపమని ముద్రవేసి ఎవరినీ కుంగదీయవద్దు. బలవంతులు బలహీనుల దౌర్బల్యాలను భరించడానికి బద్ధులని రోమా పత్రిక 15:1 బోధిస్తోంది. ఈ వారం మంచం పట్టిన ఒక సహోదరుని ఇంటికి వెళ్దాం. కారణాలు వెతకకుండా పక్కన కూర్చొని ప్రార్థిద్దాం. వీలైతే మందుల చీటీ తీసుకొని దుకాణానికీ వెళ్దాం.